కొత్త గుండెకు పాత ఊపిరితిత్తులు

గుండె మార్పిడి తప్ప మరో మార్గం లేదని వైద్యులు తేల్చి చెప్పిన ఇంట్లో ముందుగా తలెత్తే ప్రశ్నలు రెండే. గుండె ఎప్పుడు దొరుకుతుంది? డబ్బు ఎలా సమకూరుతుంది? హోసూరు, పావగడ ప్రాంతాల వారు బెంగళూరుకు, చిత్తూరు సరిహద్దు పల్లెల వారు వేలూరు, చెన్నై నగరాలకు, బళ్ళారి, రాయచూరు వారు హైదరాబాదుకు, పర్లాకిమిడి, బరంపురం వారు విశాఖకో భువనేశ్వరానికో రోగిని తీసుకువెళతారు. పొలం తాకట్టు పెట్టి, బంధువులను కూడగట్టుకొని, ఎంతటి కష్టానికైనా సిద్ధపడి వెళ్ళిన వారికి అక్కడ ఊహించని మాట ఒకటి ఎదురవుతుంది.

“ఊపిరితిత్తుల్లో ప్రెషర్ ఎక్కువగా ఉన్నది. అది తగ్గుతుందో లేదో చూసిన తరువాతనే పేరు నమోదు చేయగలం.”

చెడినది గుండె. అడ్డు చెబుతున్నది ఊపిరితిత్తులు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో అంతుపట్టక, ఇది మర్యాదగా చెప్పిన ‘కాదు’ అనుకొని ఇంటిదారి పట్టే కుటుంబాలు ఉన్నాయి. ఆ మాటకు అర్థం అది కాదు. గుండెను మార్చవచ్చు గాని, ఆ గుండె రక్తాన్ని నెట్టవలసిన ఊపిరితిత్తుల నాళాలు పాతవే ఉంటాయి. వాటి స్థితిని కొలవకుండా కొత్త గుండెను అమర్చడం రోగి ప్రాణానికీ ముప్పే, దాత కుటుంబం చేసిన త్యాగానికీ అన్యాయమే. ఆ కొలత ఎలా తీస్తారు, దానిలోని అంకెలు ఏమి చెబుతాయి, అవి మారగలవా అన్నది తెలిస్తే ఆ మాట విన్న రోజున దిక్కుతోచని స్థితి ఉండదు.

చేతి బీపీ వేరు, ఊపిరితిత్తుల బీపీ వేరు

గుండె ఒకటే అయినా అది చేసే పని రెండు పంపుల పని. కుడివైపు పంపు శరీరమంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమవైపు పంపు ఊపిరితిత్తుల్లో శుభ్రపడి వచ్చిన రక్తాన్ని తల నుంచి పాదాల వరకు నెడుతుంది. ఎడమ పంపు దూరాలకు నెట్టవలసినది కనుక దాని గోడ దళసరి. కుడి పంపు పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు మాత్రమే పంపవలసినది కనుక దాని గోడ పలుచన. దీనినే కుడి జఠరిక అంటారు.

చేతికి పట్టీ కట్టి చూసే బీపీ ఎడమ పంపుకు సంబంధించినది. ఊపిరితిత్తులకు వెళ్ళే పెద్ద నాళం, అంటే పుపుస ధమనిలో ఉండే పోటు వేరే లెక్క. ఆరోగ్యవంతునిలో దాని సగటు సుమారు 14 మిల్లీమీటర్లు మాత్రమే. చేతి బీపీ 120 ఉన్న మనిషిలో ఇది అంత తక్కువ. “మా నాయనకు బీపీ ఎప్పుడూ తక్కువే ఉంటుంది కదా డాక్టరుగారూ, ప్రెషర్ ఎక్కువంటారేమి?” అని కొడుకులు అడగడం సహజమే. నిజానికి గుండె బాగా నీరసించిన రోగిలో చేతి బీపీ 90కి దిగిపోయి, అదే సమయంలో ఊపిరితిత్తుల పోటు 40కి ఎగబాకి ఉండవచ్చు. రెండూ ఒకే జబ్బుకు రెండు ముఖాలు.

ఇది ఎలా జరుగుతుందంటే, ఎడమ పంపు తనకు వచ్చిన రక్తాన్ని పూర్తిగా నెట్టలేనప్పుడు అది వెనుక నిలిచిపోతుంది. కాలువ చివర తూము పూడుకుంటే నీరు ఎగువకు తన్నినట్లు, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల సిరల్లోకి, అక్కడి నుంచి సన్నని కేశనాళికల్లోకి, చివరకు పుపుస ధమనిలోకి పాకుతుంది. మొదటి దశలో ఇది కేవలం వెనుకకు తన్నిన ఒత్తిడి. తూము తెరిస్తే దిగిపోతుంది. నెలలు, సంవత్సరాలు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల చిన్న ధమనులు తమంతట తామే బిగుసుకుంటాయి. ఆపైన వాటి గోడలు దళసరెక్కి లోపలి దారి ఇరుకవుతుంది. బిగుసుకున్నంత వరకు మందులతో సడలించవచ్చు. గోడలు దళసరెక్కిన తరువాత అది సులువు కాదు. పరీక్షలన్నీ తేల్చవలసిన అసలు విషయం ఇదే: రోగి ఈ మూడు మెట్లలో ఎక్కడ ఉన్నాడు?

మన పల్లెల్లో ఈ ప్రశ్న మరింత బరువైనది. ఆయాసాన్ని వయసుకో, ఉబ్బసానికో, పొలం పనికో అంటగట్టి సంవత్సరాలు గడిపేయడం ఉన్నది. చిన్నతనపు కీళ్ళ జ్వరం వల్ల కవాటం ఇరుకైపోయిన వారు కూడా చాలా ఆలస్యంగా ఆస్పత్రి ముఖం చూస్తారు. ఆలస్యమైన ప్రతి సంవత్సరం ఊపిరితిత్తుల నాళాల మీద తన ముద్ర వేసే పోతుంది. అయితే కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేయడం గాని, మార్చడం గాని వీలైన రోగికి గుండె మార్పిడి ప్రసక్తే రాకపోవచ్చునన్నది గుర్తుంచుకోవాలి.

బండికి కట్టిన కొత్త కోడె

రోగి పాత గుండె ఈ పెరిగిన పోటుతో ఎలా నెగ్గుకొచ్చింది? కుడి జఠరికకు బరువు మెల్లమెల్లగా పెరిగింది కనుక అది కూడా మెల్లమెల్లగా గోడను దళసరి చేసుకొని అలవాటు పడింది. దాత గుండెకు ఆ అలవాటు లేదు. ప్రమాదంలో మెదడు మరణించిన ఒక ఆరోగ్యవంతుని శరీరంలో అది 14 మిల్లీమీటర్ల పోటుకు ఎదురుగా పని చేసింది. దానిని తీసి, మంచులో ఉంచి, గంటల ప్రయాణం చేయించి మరొకరి ఛాతీలో కుట్టిన మరుక్షణం నుంచి అది ఇరుకైన నాళాల్లోకి రక్తాన్ని నెట్టాలి. ఎన్నడూ కాడి మెడకెత్తని కోడెను నిండు బండికి కట్టి ఘాటు ఎక్కించమన్నట్లే. పలుచని కుడి జఠరిక ఉబ్బిపోతుంది, ఎడమవైపుకు రక్తం అందదు, శస్త్రచికిత్స బల్ల మీదనే గాని, మొదటి కొద్ది రోజుల్లో గాని కొత్త గుండె చేతులెత్తేస్తుంది. గుండె బాగున్నది, కుట్లు బాగున్నాయి, అయినా రోగి దక్కడు.

ఈ పాఠం వైద్యశాస్త్రానికి ఊరకనే రాలేదు. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ మనిషికి మనిషి గుండెను అమర్చిన తొలి శస్త్రచికిత్స చేశారు. ఆ రోగి 18 రోజులు జీవించాడు. కొద్ది వారాలకే, 1968 ఫిబ్రవరిలో, బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేన్ మన దేశంలో తొలి ప్రయత్నం చేశారు. ఆ రోగి కొద్ది గంటలకే మరణించాడు. ఆ కాలంలో ఎన్నో దేశాల్లో ఉత్సాహంగా మొదలుపెట్టినవారు వరుస మరణాలు చూసి వెనుకంజ వేశారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ నార్మన్ షమ్‌వే బృందం మాత్రం పట్టు విడవక ఎవరు బతుకుతున్నారు, ఎవరు బతకడం లేదు అని ఓపికగా లెక్కలు కట్టింది. ఊపిరితిత్తుల నాళాల నిరోధం ఎక్కువగా ఉన్న రోగులకు శస్త్రచికిత్స ముప్పు ఎక్కువని ఆ బృందం 1971లోనే ప్రకటించింది. నాటి నుంచి ఈ కొలత లేనిదే మార్పిడి జాబితాలో పేరు ఎక్కదు.

భారతదేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. మెదడు మరణాన్ని చట్టబద్ధంగా గుర్తించే అవయవ మార్పిడి చట్టానికి ఆమోదం లభించి అప్పటికి నెల రోజులైనా కాలేదు. ఆ శస్త్రచికిత్సకు నాయకత్వం వహించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఆంజియో కాదు, ఎకో చాలదు

మొదటి పరీక్ష ఎకో. ఛాతీ మీద పరికరాన్ని ఉంచి, గుండె కదలికను తెర మీద చూస్తారు. కుడివైపు కవాటం గుండా వెనుకకు చిమ్మే రక్తధార వేగాన్ని బట్టి ఊపిరితిత్తుల పోటును లెక్క కడతారు. నొప్పి లేదు, ఖర్చు తక్కువ, ఎన్నిసార్లయినా చేయవచ్చు. కాని అది అంచనా మాత్రమే. ఆ ధార సరిగా కనబడని రోగిలో అంచనా తప్పుతుంది. పోటు ఎంత ఉన్నదో ఉజ్జాయింపుగా చెప్పగలదు గాని, అది వెనుకకు తన్నిన ఒత్తిడి వల్లనా, నాళాలు ఇరుకైనందువల్లనా అన్నది నమ్మకంగా చెప్పలేదు.

రెండవది, అందరినీ తికమక పెట్టేది, ఆంజియోగ్రామ్. “ఆంజియో అయిపోయింది కదా, మళ్ళీ గుండెలోకి వైరు ఎందుకు?” అని రోగి బంధువులు నిలదీస్తారు. ఆంజియోగ్రామ్ ధమని గుండా వెళ్ళి గుండె కండరానికి రక్తాన్నిచ్చే నాళాల్లో పూడికలు ఉన్నాయేమో చూస్తుంది. ఊపిరితిత్తుల పోటును అది కొలవదు. మార్పిడికి కావలసినది కుడి గుండె క్యాథెటర్ పరీక్ష. ఇది సిర గుండా సాగుతుంది. పేరు, గది, బల్ల ఒకటే కావడంతో రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. రెండింటికీ డబ్బు కట్టవలసి వచ్చినప్పుడు అనుమానం కూడా కలుగుతుంది. ఆ అనుమానాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. ముందే నాలుగు మాటలు విడమరచి చెప్పే తీరిక ఆస్పత్రుల్లో తక్కువ.

పరీక్ష తీరు ఇది. మెడ పక్కన గాని, గజ్జలో గాని మత్తు సూది వేసి, సిరలోకి సన్నని మెత్తని గొట్టాన్ని జొనుపుతారు. రోగి మెలకువగానే ఉంటాడు. గొట్టం కొసన చిన్న బుడగ ఉంటుంది. దానిలో కొద్దిగా గాలి నింపితే రక్తప్రవాహమే దానిని మోసుకొని కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమనుల వరకు తీసుకువెళుతుంది. దారిలో ఒక్కొక్క గదిలో పోటు ఎంతో తెర మీద అంకెలుగా పడుతుంది. సాధారణంగా గంటలోపల ముగుస్తుంది. సూది పెట్టిన చోట రక్తం గడ్డకట్టడం, గొట్టం తగిలినప్పుడు గుండె లయ కొద్దిసేపు తప్పడం వంటివి జరగవచ్చు. పెద్ద ప్రమాదాలు అరుదు.

గుండెలోకి గొట్టం అంటేనే గుండెలు జారిపోవడం వింత కాదు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు ఇది సాధ్యమేనని చూపడానికి తన చేతి సిరలోకి తానే గొట్టాన్ని జొనుపుకొని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, అది గుండెకు చేరిందని చిత్రం తీయించాడు. తోటి వైద్యులు దానిని పిచ్చిపనిగా చూశారు. 1956లో అదే పనికి నోబెల్ బహుమానంలో ఆయనకు వాటా వచ్చింది. కొసన బుడగ పెట్టే ఉపాయం 1970లో వెలువడింది. గాలికి తెరచాపలెత్తిన పడవలను సముద్రతీరంలో చూస్తుండగా ఆ ఆలోచన తట్టిందని డాక్టర్ జెరెమీ స్వాన్ చెప్పుకున్నారు. ఆయన పేరు, సహచరుడు విలియం గాంజ్ పేరు కలిపి నేటికీ ఆ గొట్టాన్ని స్వాన్‌–గాంజ్ అనే పిలుస్తారు.

ఒకే అంకె, వేరు వేరు తలరాతలు

ఈ పరీక్షలో మూడు అంకెలు ముఖ్యం. మొదటిది పుపుస ధమని సగటు పోటు. 2018 వరకు 25 గాని, అంతకు మించి గాని ఉంటే ఊపిరితిత్తుల రక్తపోటు అనేవారు. ఆ ఏడాది అంతర్జాతీయ నిపుణుల సదస్సు ఆ హద్దును 20కి తగ్గించమన్నది, 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు దానిని స్వీకరించాయి. పాత రిపోర్టులో ‘లేదు’ అని, కొత్త రిపోర్టులో అదే అంకెకు ‘ఉన్నది’ అని కనిపిస్తే కంగారు పడనక్కర లేదు.

రెండవది, గొట్టపు బుడగను ఒక చిన్న ధమనిలో బిగించి తీసే కొలత. ముందుకు ప్రవాహం ఆగిపోతుంది కనుక ఆ కొసకు ఆవలి ఒత్తిడి, అంటే గుండె ఎడమవైపు ఒత్తిడి తెలుస్తుంది. ఎగువ తూము మూసేసిన కాలువలో నిలిచిన నీటిమట్టం దిగువ చెరువు మట్టాన్ని చూపడం వంటిదే ఇది. వైద్యులు దీనిని ‘వెడ్జ్’ అంటారు. 15 వరకు మామూలు. మూడవది, గుండె నిమిషానికి పంపే రక్తం ఎన్ని లీటర్లు అన్నది. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతునిలో సుమారు 5 లీటర్లు.

మొదటి దానిలో నుంచి రెండవ దానిని తీసివేసి, వచ్చిన దానిని మూడవ దానితో భాగిస్తే ఊపిరితిత్తుల నాళాల నిరోధం తెలుస్తుంది. దీని కొలమానం పేరు వుడ్ యూనిట్. ఆ పేరు లండన్ హృద్రోగ నిపుణుడు పాల్ వుడ్‌ది. ఆయన పుట్టినది మాత్రం మన నీలగిరుల్లోని కూనూరులో, 1907లో.

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. ఇద్దరికీ సగటు పోటు 40. ఇద్దరి గుండే నిమిషానికి 4 లీటర్లు పంపుతున్నది. మొదటి వానికి వెడ్జ్ 30. తేడా 10. నాలుగుతో భాగిస్తే నిరోధం 2.5 యూనిట్లు. అంటే అతని పోటులో అధికభాగం వెనుకకు తన్నిన ఒత్తిడే. గుండె మార్చిన వెంటనే దిగిపోయేది. రెండవ వానికి వెడ్జ్ 16. తేడా 24. నిరోధం 6 యూనిట్లు. ఇతని ఊపిరితిత్తుల నాళాలే ఇరుకయ్యాయి. కొత్త గుండె పెట్టినా ఆ ఇరుకు అక్కడే ఉంటుంది. ఎకో రిపోర్టులో ఇద్దరూ దాదాపు ఒకలాగే కనబడతారు. “పక్క ఊరి ఆయనకు కూడా ఇంతే ఉన్నదట, ఆయన పేరు ఎక్కించుకున్నారు, మాకెందుకు కాదన్నారు?” అన్న నిష్ఠూరానికి జవాబు ఈ భాగహారంలో ఉన్నది.

సాధారణంగా నిరోధం 3 యూనిట్లు దాటినా, లేదా ఆ తేడా 15కు చేరినా, దానితో పాటు ధమని పై పోటు 50 గాని అంతకు మించి గాని ఉంటే వైద్యులు ఆగి, అదే బల్ల మీద మరో పరీక్ష మొదలుపెడతారు. ఈ నాళాలు సడలుతాయా అన్నదే ఆ పరీక్ష. నైట్రోప్రుస్సైడ్, మిల్రినోన్ వంటి మందును సిరలోకి ఎక్కిస్తూ గాని, నైట్రిక్ ఆక్సైడ్ వాయువును పీల్పిస్తూ గాని అంకెలు మళ్ళీ చూస్తారు. నిరోధం దిగాలి, కాని చేతి బీపీ మరీ కూలిపోకూడదు. పై బీపీ 85 కంటె దిగకుండా నిరోధం తగ్గితేనే నిజమైన ఫలితం.

ఈ షరతు ఎందుకో స్టాన్‌ఫర్డ్ వైద్యులు 1992లో ప్రచురించిన అధ్యయనం చూపింది. దాదాపు 300 మంది రోగులను పరిశీలించారు. నిరోధం ఎక్కువగా ఉండి, బీపీ పడిపోకుండానే మందుతో 2.5కు దిగిన వారిలో మార్పిడి జరిగిన 3 నెలల్లోపు మరణించినవారు సుమారు 4 శాతం. బీపీ కూలిపోతేనే గాని దిగని వారిలో అది సుమారు 28 శాతం. మందుకు లొంగని వారిలో దాదాపు 41 శాతం. నాటికీ నేటికీ చికిత్స మెరుగుపడింది, అంకెలు మారి ఉంటాయి. కాని ఆ మూడు వర్గాల మధ్య ఉన్న అంతరం వైద్యుల మనస్సులో నుంచి చెరిగిపోలేదు.

బల్ల మీద తగ్గకపోతే

ఒక్క గంటలో నాళాలు సడలకపోవచ్చు. అప్పుడు రోగిని చేర్చుకొని, గొట్టాన్ని లోపలే ఉంచి, మూత్రం ఎక్కువగా పోయే మందులు, గుండెకు బలమిచ్చే మందులు సిర ద్వారా ఇస్తూ ఒకటి రెండు రోజులు గమనిస్తారు. కొందరిలో ఒంటి నీరు దిగగానే లెక్క మారుతుంది. వెడ్జ్ 28, సగటు పోటు 40, రక్తం 3 లీటర్లుగా వచ్చిన రోగికి నిరోధం 4 యూనిట్లు. రెండు వారాల చికిత్స తరువాత అదే రోగికి వెడ్జ్ 18, పోటు 28, రక్తం 4 లీటర్లు అయితే నిరోధం 2.5. మనిషి అదే, నాళాలు అవే. ఒంట్లో నిండిన నీరు, నీరసించిన ప్రవాహం లెక్కను పెంచి చూపాయి.

ఇంతటితోనూ తగ్గకపోతే ఎడమ జఠరికకు తోడుగా రక్తాన్ని నెట్టే యంత్రాన్ని ఛాతీలో అమర్చే పద్ధతి ఉన్నది. నెలల తరబడి ఎడమవైపు ఒత్తిడి దిగి ఉండడంతో, లొంగవనుకున్న నాళాలు సైతం సడలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 3 నుంచి 6 నెలల తరువాత మళ్ళీ కొలుస్తారు. ఈ యంత్రం ఖరీదు మన దేశంలో సామాన్య కుటుంబానికి అందేది కాదన్నది చేదు నిజం. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి, దశాబ్దాలు చికిత్స లేక నాళాలు పూర్తిగా గట్టిపడిన వారికి గుండెను మాత్రమే మార్చి ప్రయోజనం లేదు. గుండె, ఊపిరితిత్తులు రెండూ కలిపి మార్చవలసి వస్తుంది. అది ఇంకా అరుదైన, కఠినమైన చికిత్స.

జాబితాలో పేరు ఎక్కిన తరువాత కూడా 3 నుంచి 6 నెలలకు ఒకసారి ఈ పరీక్ష మళ్ళీ చేయమంటారు. ఎదురుచూసే కాలంలో పోటు పెరిగిపోవచ్చు గనుక ఇది అనవసరపు ఖర్చు కాదు. నిరోధం కొంత ఎక్కువగా ఉన్న రోగికి చిన్న శరీరం గల దాత గుండె సరిపోదు. కాస్త పెద్ద గుండె, దగ్గరలో దొరికే గుండె కావాలని వైద్యులు చూస్తారు. దాత శరీరం నుంచి తీసిన గుండెను సుమారు 4 గంటల్లోపల అమర్చవలసి ఉంటుంది. అందువల్ల ఇటువంటి రోగికి నిరీక్షణ మరికొంత పెరగవచ్చు.

ఎదురుచూసే ఇంట్లో

పరీక్షలో వచ్చే అంకెను కొంతవరకు ఇంటి వంటగది కూడా నిర్ణయిస్తుంది. ఉప్పు ఒంట్లో నీటిని నిలుపుతుంది, నీరు పోటును పెంచుతుంది. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పుచేప పెట్టుకుంటే పథ్యం చేసినట్లు కాదు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు పొట్లాలు కొనడం మరో పొరపాటు. వాటిలో పొటాషియం ఉంటుంది. గుండె రోగులు వాడే కొన్ని మాత్రలతో కలిసి అది రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. ఉదయం మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు రోజూ బరువు చూసి పుస్తకంలో రాయాలి. రెండు మూడు రోజుల్లో ఒకటి రెండు కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్ళు, పొట్ట ఉబ్బినా, నడుస్తూ కళ్ళు తిరిగి పడినా తరువాతి తేదీ కోసం ఆగకూడదు.

చుట్ట, బీడీ మానడం గురించి బేరాలు ఉండవు. పొగాకు మాని 6 నెలలైనా కానిదే పేరు నమోదు చేయడానికి వైద్యబృందాలు సాధారణంగా ఇష్టపడవు. కట్టెల పొయ్యి పొగ, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగే గురక, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు సైతం ఈ పోటును పెంచేవే గనుక వైద్యులు వీటిని గుచ్చి గుచ్చి అడుగుతారు.

మందుల దుకాణంలో జరిగే ఒక పొరపాటు ప్రాణాంతకమైనది. ఊపిరితిత్తుల రక్తపోటుకు సిల్డెనాఫిల్ వంటి మాత్రలు ఉన్నాయి. పక్క ఊరిలో ఎవరికో ఆ జబ్బుకే ఆ మాత్ర ఇచ్చారని విని, చీటీ చూపి కొనేవారు ఉన్నారు. కాని ఆ పక్క ఊరి రోగి జబ్బు నాళాలలోనే పుట్టినది కావచ్చు. ఎడమ గుండె చెడినందువల్ల వచ్చిన పోటుకు ఆ మందు వేస్తే సడలిన నాళాల గుండా రక్తం వరదగా వచ్చి, అందుకోలేని ఎడమ గుండె ముందు నిలిచి, ఊపిరితిత్తులు నీటితో నిండవచ్చు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి మాత్రతో కలిస్తే బీపీ అమాంతం కూలిపోతుంది. మార్పిడి బృందం తానుగా కొందరికి ఈ మందును ఇస్తుంది. అది కొలిచి, గమనిస్తూ ఇచ్చేది.

సరిహద్దు దాటే కాగితాలు

రాష్ట్రం మారినప్పుడు పేరు నమోదు ఏమవుతుందన్నది సరిహద్దు కుటుంబాల పెద్ద సందేహం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జీవన్‌దాన్, కర్ణాటకలో జీవసార్థకతె, తమిళనాడులో ట్రాన్స్‌టాన్, మహారాష్ట్రలో ప్రాంతీయ సమన్వయ కేంద్రాలు అవయవాల కేటాయింపు చూస్తాయి. మరణించిన దాత అవయవం కోసం ఏ రాష్ట్రంలోనైనా నమోదు చేసుకోవచ్చునని, స్థానికత ధ్రువీకరణ అడగరాదని, నమోదుకు రుసుము తీసుకోరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు సూచించింది. రోగికి జాతీయ సంస్థ నోటో ఇచ్చే గుర్తింపు సంఖ్య ఆస్పత్రి మారినా అదే కొనసాగేటట్లు ఏర్పాటు చేశారు. అయినా ఆరోగ్య బీమా కార్డు ఏ రాష్ట్రంలో, ఏ ఆస్పత్రిలో, ఏ పరీక్షకు చెల్లుతుందన్నది వేరే విషయం. చేరకముందే సహాయ కేంద్రంలో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఆస్పత్రి మారేవారు తప్పక అడిగి తీసుకోవలసినది కుడి గుండె క్యాథెటర్ పూర్తి నివేదిక. ‘పోటు ఎక్కువ’ అన్న ఒక్క వాక్యం రాసిన డిశ్చార్జి కాగితం చాలదు. సగటు పోటు, వెడ్జ్, రక్త ప్రవాహం, నిరోధం, మందు ఇవ్వక ముందు అంకెలు, ఇచ్చిన తరువాత అంకెలు, ఏ మందు ఇచ్చారు, అప్పుడు చేతి బీపీ ఎంత అన్నవన్నీ తేదీతో ఉండాలి. ఇవి ఉంటే కొత్త ఆస్పత్రి వైద్యునికి పాత స్థితితో పోల్చడం వీలవుతుంది.

భాష కూడా ఒక చిక్కే. మనం ఊపిరితిత్తులు అనే వాటిని తమిళ నర్సు నురైయీరల్ అంటుంది, కన్నడ వైద్యుడు శ్వాసకోశ అంటాడు, మరాఠీలో ఫుప్ఫుస, ఒడియాలో ఫుస్‌ఫుస్. ‘ప్రెషర్’ అన్న మాట ఒక్కటే అన్ని చోట్లా ఒకటి. తీరా అదే మాటకు చేతి బీపీ అని ఒకరు, ఊపిరితిత్తుల పోటు అని మరొకరు అర్థం చేసుకుంటారు. వైద్యుడు ఆ మాట అన్నప్పుడు “ఏ ప్రెషర్ అండీ, చేతిదా, ఊపిరితిత్తులదా? నిరోధం ఎన్ని యూనిట్లు? మందు ఇచ్చాక ఎంతకు దిగింది?” అని అడిగి, చెప్పిన అంకెను బరువు రాసే పుస్తకంలోనే ఆ రోజు తేదీ పక్కన రాసుకోవచ్చు.